పవర్ కాటమరానా, ఒంటి హల్ ట్రాలరా: పెద్ద అలల్లో ఏది నయం?

ఫ్లోరిడా రేవుల్లో ఇప్పుడు ఎటు చూసినా పవర్ కాటమరాన్‌లే. పక్కపక్కన రెండు సన్నటి హల్‌లు (నీటిలో తేలే పడవ ఒళ్లు), వాటిని కలుపుతూ పైన పరిచిన బ్రిడ్జ్‌డెక్, దాని మీద విశాలమైన హాలు, ఒక్కో హల్‌లో ఒక్కో ఇంజన్. రేవులో కట్టేసి ఉన్నప్పుడు చూస్తే నచ్చని వాళ్లు తక్కువ. పక్కనే అంతే పొడవున్న ఒంటి హల్ ట్రాలర్, అంటే చేపల ట్రాలర్ తీరులో కట్టిన ప్రయాణపు పడవ, ఉందనుకోండి, అది ఇరుగ్గా, బరువుగా, పాత చేపల పడవ పోలికలతో కనిపిస్తుంది. చూపుల పోటీలో కాటమరాన్‌దే గెలుపు.

ఆ ముచ్చట రేవు దాటేదాకే. దీంతో మహాసముద్రం దాటొచ్చా అని అడిగేవాళ్లకి నేను ముందు మూడు విషయాలు తేల్చుకోమంటాను. మీ దారిలో గాలీ అలా ఎక్కువగా ఎటునుంచి వస్తాయి? ఎంత బరువుతో బయల్దేరతారు? ఆ బరువుతో బ్రిడ్జ్‌డెక్ అడుగుకీ నీటికీ మధ్య ఎంత ఖాళీ మిగులుతుంది? ఈ మూడూ తేలితే మిగతా ఎంపిక పెద్ద కష్టం కాదు.

ఒకే పేరు, రెండు జాతులు

పవర్ కాటమరాన్‌లన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతుంది. పడవలు అద్దెకిచ్చే చార్టర్ కంపెనీలకీ, కుటుంబంతో దీవులు తిరిగేవాళ్లకీ కట్టేవి ఒక రకం. ఆక్విలా పడవలు, కేప్‌టౌన్‌లో రాబర్ట్‌సన్ అండ్ కేన్ కంపెనీ కట్టే లెపర్డ్ పవర్‌క్యాట్‌లు ఈ కోవలోవి. పెద్ద ఇంజన్లు, కాస్త లావు హల్‌లు, పైకప్పు మీద నుంచి నడిపేందుకు ఫ్లైబ్రిడ్జ్, ఎత్తైన గాజు తలుపులు. అవసరమైతే వేగం అందుకుంటాయి.

రెండో రకం డిస్‌ప్లేస్‌మెంట్ కాటమరాన్, అంటే నీటి పైకి లేచి జారకుండా నీటిని తోసుకుంటూ వెళ్లేది. న్యూజిలాండ్ డిజైనర్ మాల్కం టెన్నంట్ పేరు ఈ రకంతో ముడిపడిపోయింది. హల్ పొడవు దాని వెడల్పుకి పది రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. అంత సన్నటి హల్ పెద్ద అల లేపకుండా నీటిని చీల్చుకుంటూ పోతుంది కాబట్టి చిన్న ఇంజన్లతోనే చాలా దూరం వెళ్తుంది. లోపల చోటు తక్కువ, సామాను తక్కువ. చూడ్డానికి కూడా సాదాగానే ఉంటుంది. దూరప్రయాణం గురించి మాట్లాడేటప్పుడు కాటమరాన్ తరఫున నిలబడాల్సింది ఇదే. మొదటి రకాన్ని దీనితో కలిపి పొగిడినా, తిట్టినా అన్యాయమే.

వీటికి ఎదురు నిలిచేది ఒంటి హల్ డిస్‌ప్లేస్‌మెంట్ ట్రాలర్. నార్డ్‌హవన్ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 2001–02లో ఆ కంపెనీ వాళ్లే నార్డ్‌హవన్ 40ని కాలిఫోర్నియా నుంచి తీసుకెళ్లి ప్రపంచం చుట్టించారు. 2004లో ఒక పడవల గుంపు ఫ్లోరిడా నుంచి బెర్ముడా, అజోర్స్ మీదుగా జిబ్రాల్టర్‌కి అట్లాంటిక్ దాటింది. నెమ్మదిగా, ఏడెనిమిది నాట్ల (గంటకి 13–15 కిలోమీటర్ల) వేగంతో, డీజిల్ పుష్కలంగా నింపుకుని వెళ్లే పడవలివి.

ఎదురు అలలు: కాటమరాన్‌కి అసలు పరీక్ష

ఒంటి హల్ ట్రాలర్ ఎదురు అలలోకి వెళ్తే ముక్కు లేస్తుంది, దిగుతుంది, నీళ్లు డెక్ మీదకి చిమ్ముతాయి. అలసట వస్తుంది, వేగం పడిపోతుంది. అయినా దెబ్బ తినేది చీల్చడానికే కట్టిన ముక్కు.

కాటమరాన్‌లో ముక్కులు రెండు, వాటి మధ్య సొరంగం లాంటి ఖాళీ, ఆ ఖాళీ పైన చదునైన కప్పు. అల ఆ ఖాళీలోకి దూరినప్పుడు రెండు హల్‌లు లేపిన నీరు కూడా దానికి తోడై మధ్యలో గుట్టగా లేస్తుంది. ఖాళీ చాలకపోతే ఆ గుట్ట వెళ్లి హాలు నేలని కింద నుంచి కొడుతుంది. దీన్నే స్లామింగ్ అంటారు. అరచేతిని చాచి నీటి మీద చరిస్తే వచ్చే దెబ్బ ఎలాంటిదో తెలుసు కదా, టన్నుల బరువుతో అదే దెబ్బ పాదాల కింద పడుతుంది. బల్ల మీద గ్లాసు లేచి పడుతుంది, అలమర తలుపుల గొళ్లాలు గలగలమంటాయి, నిద్రపోతున్నవాళ్లు ఏదో తగిలిందనుకుని లేచి కూర్చుంటారు. ఒకటీ రెండూ పడితే భయపడక్కర్లేదు. నిమిషానికి నాలుగైదు చొప్పున రాత్రంతా పడితే మనుషులూ వాడిపోతారు, బ్రిడ్జ్‌డెక్ హల్‌లని కలిసే చోట అతుకులూ వాడిపోతాయి.

దెబ్బ ఎప్పుడు మొదలవుతుందో అల ఎత్తొక్కటే చెప్పదు. రెండు శిఖరాల మధ్య ఎన్ని సెకన్లు గడుస్తాయన్నది, అంటే అల పీరియడ్, ఎత్తుతో సమానంగా చూడాలి. లోతైన నీటిలో అల పొడవు మీటర్లలో సుమారు 1.56 ఇంటూ సెకన్ల వర్గం. 10 సెకన్ల అల పొడవు 156 మీటర్లు. అది రెండున్నర మీటర్ల ఎత్తున్నా పడవ దాని మీద మెల్లగా ఎక్కి దిగుతుంది. 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లే. దానికి రెండు మీటర్ల ఎత్తుంటే అది గోడ. వాతావరణ సూచనలో ఎత్తు చూసి పీరియడ్ చూడకుండా బయల్దేరేవాళ్లని చూస్తే నాకు కంగారుగా ఉంటుంది.

వేగం తగ్గించడం ఎంత పని చేస్తుందో కూడా లెక్కలోనే కనిపిస్తుంది. 6 సెకన్ల అల పొడవు 56 మీటర్లు, అది మనవైపు సెకనుకి 9.4 మీటర్లు వస్తుంది. 15 నాట్లతో ఎదురెళ్తే ప్రతి 3.3 సెకన్లకీ ఒక అల తగులుతుంది. 8 నాట్లకి దిగితే 4.1 సెకన్లు. ఆ కాస్త తేడాలోనే ముక్కు దిగి మళ్లీ లేవడానికి సమయం దొరుకుతుంది, దెబ్బ జోరూ బాగా తగ్గుతుంది. కాబట్టి 20 నాట్లు పోతుందని చెప్పి అమ్మిన పడవ కూడా ఎదురు సముద్రంలో 7, 8 నాట్ల పడవే. అక్కడ దాని పెద్ద ఇంజన్లు మోసుకెళ్లే బరువు తప్ప మరేమీ కావు.

డిజైనర్లకి ఈ సంగతి తెలియక కాదు. కొందరు బ్రిడ్జ్‌డెక్ అడుగున మధ్యలో ఒక చీలిక ముక్కు పెడతారు, అల కప్పుకి తగిలేలోపే అది దాన్ని రెండుగా విడదీస్తుంది. ఆక్విలా కొన్ని మోడళ్లలో హల్‌ల ముక్కులకి నీటి కింద బల్బుల్లాంటి ఉబ్బెత్తు మొనలు పెట్టింది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో ఇన్‌క్యాట్ కంపెనీ కట్టే పెద్ద ఫెర్రీలకి రెండు హల్‌ల మధ్య, నీటికి పైన, మూడో ముక్కు ఉంటుంది. ఆ కుటుంబంలోని హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్ అనే ఫెర్రీ 1990లో అట్లాంటిక్‌ని 3 రోజుల 7 గంటల 54 నిమిషాల్లో దాటి, వేగంగా దాటిన నౌకకి ఇచ్చే హేల్స్ ట్రోఫీ గెలిచింది. కాటమరాన్‌ల సత్తాకి ఈ కథని రుజువుగా చూపిస్తుంటారు. అయితే దాని పొడవు 74 మీటర్లని మర్చిపోకూడదు. 56 మీటర్ల అల దానికి తన పొడవు కన్నా చిన్నది. 14 మీటర్ల పడవకి అదే అల నాలుగు రెట్లు. పైగా అలాంటి ఫెర్రీలు కూడా అలల పరిమితి దాటిన రోజు సర్వీసు రద్దు చేసుకుని రేవులో ఉంటాయి.

బరువు: చెప్పనిదే ఎవరూ అడగని విషయం

నా దృష్టిలో కాటమరాన్ ఎంపికలో ఇదే అన్నిటికన్నా ముఖ్యం, కాబట్టి లెక్క కట్టి చూపిస్తాను. 14 మీటర్ల కాటమరాన్‌లో ఒక్కో హల్ నీటి గీత దగ్గర 1.3 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. మొనలు సన్నబడతాయి కాబట్టి పొడవు ఇంటూ వెడల్పులో ముప్పావు వంతు తీసుకుంటే, రెండు హల్‌లూ కలిసి నీటిని కోసే వైశాల్యం సుమారు 27 చదరపు మీటర్లు. ఉప్పునీటిలో అలాంటి పడవ ఒక సెంటీమీటరు దిగడానికి 280 కిలోలు చాలు. దూరప్రయాణానికి డీజిల్, మంచినీళ్లు, తిండి, విడిభాగాలు, చిన్న పడవ, క్రేన్ కలిపి మూడు టన్నులు ఎక్కిస్తే దాదాపు 11 సెంటీమీటర్లు దిగుతుంది.

అదే పొడవు, 4.7 మీటర్ల వెడల్పున్న ట్రాలర్‌కి వైశాల్యం 49 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. అవే మూడు టన్నులకి 6 సెంటీమీటర్లు దిగుతుంది. దిగినా దాని కింద అల కొట్టే కప్పు లేదు. ఇంకా చెప్పాలంటే బరువు ఎక్కితే ట్రాలర్ ఊగుడు నెమ్మదిస్తుంది, ప్రయాణం హాయిగా మారుతుంది.

కాటమరాన్ దగ్గరికొస్తే బ్రోషర్‌లో 75 సెంటీమీటర్లున్న ఖాళీ 64కి పడిపోయింది. అంతకుముందు రెండు మీటర్ల అలకి మొదలయ్యే దెబ్బలు ఇప్పుడు అంతకన్నా చిన్న అలకే మొదలవుతాయి. నేను పట్టుకునే కొలత ఇది: పూర్తి బరువుతో ఉన్నప్పుడు కూడా ఖాళీ నీటి గీత పొడవులో 5 శాతానికి తగ్గకూడదు, 6 ఉంటే మంచిది. 14 మీటర్లకి 70 నుంచి 84 సెంటీమీటర్లు. చార్టర్ రకంలో చాలా పడవలు ఈ పరీక్షలో నిలబడవు, ఎందుకంటే అక్కడ హాలు ఎత్తూ ఫ్లైబ్రిడ్జీ ముందు, ఖాళీ తర్వాత. జెనరేటర్, వాషింగ్ మెషీన్, ఐస్ మెషీన్, అదనపు ట్యాంకులు అంటూ జాబితా పెంచుకుంటూ పోయే స్వభావం మీదైతే ట్రాలరే కొనుక్కోండి. నిజంగా మీ మంచికే చెబుతున్నాను.

పక్క అలలు: ఇక్కడ కాటమరాన్‌దే పైచేయి

అలలు పక్కనుంచి వచ్చినప్పుడు పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. కాటమరాన్ స్థిరత్వం ఎంత గట్టిదంటే అది అల వాలుని అనుసరించి వంగుతుంది, అంతకు మించి ఊగదు. ఇందాకటి 10 సెకన్ల, రెండున్నర మీటర్ల అల వాలు ఎంత నిటారుగా ఉన్న చోటైనా 3 డిగ్రీల లోపే. వంటగదిలో గిన్నె జారదు. ఒంటి హల్ ట్రాలర్‌కి మాత్రం సొంత ఊగుడు కాలం ఒకటుంటుంది. ఈ సైజులో అది 5, 6 సెకన్ల దగ్గర ఉండటం మామూలే. అదే పీరియడ్‌తో పక్క అల వస్తే ఒక్కో ఊపుకీ ఇంకొంచెం పెరుగుతూ, ఊగుడుని అణిచే స్టెబిలైజర్ లేకపోతే 25, 30 డిగ్రీల దాకా పోతుంది. ఆ స్థితిలో వంట లేదు, నిద్ర లేదు, ఒక చెయ్యి ఎప్పుడూ కమ్మీ మీదే.

అందుకే దూరం పోయే ట్రాలర్లకి ఫిన్ స్టెబిలైజర్లు, అంటే హల్ నుంచి నీటిలోకి చాచిన రెక్కలు, ఉంటాయి. పడవ కదులుతుంటే బాగా పనిచేస్తాయి. హైడ్రాలిక్ గొట్టం లీకైనా, సెన్సార్ పాడైనా అవి ఆగిపోతాయి, అది అట్లాంటిక్ నడిబొడ్డున జరిగితే బాగుచేసుకోవాల్సింది మీరే. అమెరికా పశ్చిమ తీరపు చేపల పడవల నుంచి వచ్చిన పారవేన్‌లు, అంటే రెండు పక్కలా కర్రలు చాపి నీటిలోకి వేలాడదీసే చేపల్లాంటి బరువులు, మొరటుగా ఉన్నా చెడిపోవడానికి వాటిలో పెద్దగా ఏమీ లేదు. ట్రాలర్ కొంటే రెండూ ఉండటం మంచిది. కాటమరాన్‌కి ఇవేవీ అక్కర్లేదు, ఆ డబ్బూ ఆ బెడదా మిగిలినట్టే.

అయితే ఒక మెలిక. పక్కనుంచి వచ్చేది పొట్టి, నిటారు అల అయితే కాటమరాన్ కదలిక చిన్నదే కానీ విసురుగా ఉంటుంది. 5 సెకన్ల, రెండు మీటర్ల అల వాలు 9 డిగ్రీల దాకా వస్తుంది, పడవ ఆ కోణానికి ఒక్క ఉదుటున వెళ్లి ఒక్క ఉదుటున తిరిగొస్తుంది. ట్రాలర్ ఊగుడుకి కడుపులో తిప్పేవాళ్లు కొందరైతే, ఈ కుదుపుకి మెడలు పట్టేసేవాళ్లు ఇంకొందరు. మీ ఇంట్లో ఎవరు ఏ రకమో డబ్బు కట్టేముందే తెలుసుకోవాలి. దానికి ఒక్కటే దారి, రెండిట్లోనూ ఒక పూట సముద్రం మీద తిరగడం.

భారత నౌకాదళం 2012లో కార్వార్‌లో చేర్చుకున్న ఐఎన్ఎస్ మకర్ కాటమరాన్ హల్ ఉన్న సర్వే నౌక. సముద్రపు అడుగుని కొలిచేటప్పుడు నెమ్మదిగా నడుస్తూ, పక్కకి ఊగకుండా, పరికరాలు పెట్టుకోవడానికి విశాలమైన డెక్ ఉండాలి. ఆ పనికి రెండు హల్‌లు ఎందుకు సరిపోతాయో ఈ భాగం చదివాక వేరే చెప్పక్కర్లేదు.

వెనక అలలు, తిరగబడే భయం

అలలు వెనకనుంచి వచ్చినప్పుడు సన్నటి హల్‌ల కాటమరాన్ గీత గీసినట్టు వెళ్తుంది. ఇంజన్లు రెండూ దూరదూరంగా ఉండటం వల్ల ఒకదాని వేగం పెంచి రెండోదాన్ని తగ్గిస్తే దారి సరిచేసుకోవడం తేలిక. జాగ్రత్త పడాల్సింది వేగం దగ్గరే. పెద్ద అల మీద జారుతూ కింది అల వీపులోకి రెండు ముక్కులూ దూరితే పడవ ఒక్కసారిగా నిలిచిపోతుంది. అందుకే అల కన్నా వేగంగా పోకుండా చూసుకోవాలి, నీటిలోకి వదిలితే పడవని వెనక్కి లాగే డ్రోగ్ ఒకటి సిద్ధంగా ఉంచుకోవాలి. ట్రాలర్‌కి ఇక్కడ వేరే చిక్కు. దాని వెనక భాగాన్ని అల పక్కకి తోసేస్తుంది, ఆటోపైలట్ చుక్కాని తిప్పీ తిప్పీ అలసిపోతుంది. వెనక పక్క మూలనుంచి వచ్చే అలల్లో రెండూ ఇబ్బందే పెడతాయి.

తిరగబడటం గురించి భయం ఎక్కువ, అవగాహన తక్కువ. తెరచాప లేని కాటమరాన్‌ని గాలి ఒక్కటే తిరగెయ్యడం చాలా అరుదు. అసలు ప్రమాదం పక్కనుంచి విరిగిపడే పెద్ద అల. తలకిందులైతే కాటమరాన్ మళ్లీ లేవదు, అలాగే తేలుతూ ఉంటుంది. అందుకే హల్‌లలో బయటపడే హాచ్‌లు (చిన్న తలుపులు) ఎక్కడున్నాయో పడవలో అందరికీ తెలియాలి. ట్రాలర్ చాలా దూరం వంగినా తిరిగి లేస్తుందంటారు. అది కిటికీలు పగలకుండా, తలుపులు మూసి ఉన్నప్పటి మాట. రెండు పడవల్లోనూ విరిగే అలకి పక్క చూపించకపోవడమే రక్షణ.

యూరప్ నిబంధనల్లోని 'కేటగిరీ ఎ' ముద్ర ఉంది కదా అని ధీమా పడేవాళ్లున్నారు. గాలి జోరుని కొలిచే బ్యూఫోర్ట్ స్కేలులో 8 మించిన గాలి, 4 మీటర్లు మించిన సిగ్నిఫికెంట్ అలల్ని తట్టుకునేలా డిజైన్ చేశారని దానర్థం. సిగ్నిఫికెంట్ అంటే మొత్తం అలల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతు అలల ఎత్తు సగటు, విడి అల దానికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చు. ఆ ముద్ర పడవ బలాన్నీ స్థిరత్వాన్నీ చూస్తుంది. లోపల మనిషి ఎలా ఉంటాడో చూడదు.

ఏ దారికి ఏది

ఫ్లోరిడాలోని మయామీ నుంచి బహామాస్‌లోని బిమినీ సుమారు 50 నాటికల్ మైళ్లు (నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు). మధ్యలో గల్ఫ్ స్ట్రీమ్ అనే సముద్ర ప్రవాహం ఉత్తరానికి ప్రవహిస్తుంది. ఉత్తరపు గాలి దానికి ఎదురు వీచిందా, పొట్టి అలలు నిలువుగా లేస్తాయి, ఆ రోజు ఏ పడవా వెళ్లకూడదు. గాలి మారేదాకా ఆగి ఒక పూటలో దాటేయడానికి చార్టర్ రకం కాటమరాన్ చక్కటి పడవ. వేగం వల్ల పగలు ఉండగానే చేరతారు, లోతు తక్కువ బహామాస్ నీళ్లలో తేలిగ్గా తిరుగుతారు. ఈ వాడకానికి నేను ట్రాలర్ సిఫార్సు చేయను.

బహామాస్ నుంచి వర్జిన్ దీవుల వైపు వెళ్లాలంటే కథ మారుతుంది. వాణిజ్య పవనాలు రోజుల తరబడి ముఖం మీదే. మెక్సికోలో కాబో సాన్ లూకాస్ నుంచి శాన్ డియాగోకి 750 నాటికల్ మైళ్ల ఉత్తరపు దారి కూడా అంతే. ఇలాంటి దారులే మీ ఏడాదిలో ఎక్కువైతే ట్రాలర్, లేదా ఖాళీ బాగా ఉన్న తేలికైన డిస్‌ప్లేస్‌మెంట్ కాటమరాన్. చార్టర్ రకంతోనూ వెళ్లొచ్చు, గాలి తగ్గిన తెల్లవారుజాముల్లో కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ.

కానరీ దీవుల నుంచి కరీబియన్‌కి సుమారు 2,700 నాటికల్ మైళ్లు, గాలి వెనకనుంచి. 8 నాట్లతో 14 రోజులు. ఈ దారికి డిస్‌ప్లేస్‌మెంట్ కాటమరాన్‌ని మించింది లేదని నా నమ్మకం, డీజిల్ సరిపడా మోసుకుపోగలిగితే. 8 నుంచి 10 నాట్లకి వెళ్తే కావాల్సిన శక్తి దాదాపు రెండింతలు, కాబట్టి వేగం ఆశ ఇక్కడ పనికిరాదు. సౌరశక్తి కాటమరాన్ టూరనార్ ప్లానెట్‌సోలార్ 2010 సెప్టెంబరులో మొనాకోలో బయల్దేరి 2012 మేలో తిరిగొచ్చింది. నెమ్మదిగా, వాతావరణాన్ని చూసుకుంటూ నడిస్తే రెండు హల్‌లు ప్రపంచం చుట్టేస్తాయని అది చూపించింది.

బంగాళాఖాతంలో విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఎవరైనా ఆలోచిస్తుంటే, జనవరి నుంచి మార్చి దాకా నెమ్మదించిన ఈశాన్య గాలి ముందు పక్క మూలనుంచి గానీ, పక్కనుంచి గానీ వస్తుంది, కాటమరాన్‌కి ఇబ్బంది లేదు. నైరుతి రుతుపవనాల నెలల్లోనూ, ఏప్రిల్–మే, అక్టోబరు–డిసెంబరు తుపానుల కాలంలోనూ పడవ రకం గురించి చర్చే అనవసరం.

చలి సముద్రాలు, అలస్కా, ఐస్‌లాండ్ వైపు మనసుంటే ట్రాలర్. బరువు, మందమైన కిటికీలు, నెలల సరుకు, అన్నీ అటే మొగ్గుతాయి.

కొనే ముందు సముద్రం మీద చూడాల్సినవి

ట్యాంకులు పూర్తిగా నింపించాకే ట్రయల్‌కి వెళ్లండి. సగం ట్యాంకుతో చూపించే పడవ మీరు నడపబోయే పడవ కాదు. ముందు రేవులోనే చిన్న పడవలో కూర్చుని బ్రిడ్జ్‌డెక్ అడుగున అన్నిటికన్నా కిందికి వేలాడే చోటు నుంచి నీటి దాకా టేపుతో కొలవండి, బ్రోషర్ అంకెతో పని లేదు. మీటరూ మీటరున్నర అలలున్న రోజు ఎంచుకుని, ఎదురుగా 6 నాట్లతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. మీరు స్టీరింగ్ దగ్గర నిలబడొద్దు, హాల్లో బల్ల దగ్గర కూర్చోండి. నేల కింద మొదటి గట్టి దెబ్బ ఎన్ని నాట్ల దగ్గర పడిందో రాసుకోండి. తర్వాత అలల్ని 30, 40 డిగ్రీల పక్కకి పెట్టి అదే చేయండి. చాలా కాటమరాన్‌లు ఈ కోణంలో కాస్త వేగం ఎక్కువ ఓర్చుకుంటాయి, కొన్ని మెలితిరిగి ఇంకా ఇబ్బంది పెడతాయి. మీదేదో తెలియాలి.

పాత పడవ అయితే ట్రయల్ నుంచి రాగానే నేల పలకలు ఎత్తించి, బ్రిడ్జ్‌డెక్ అడ్డగోడల్ని కలిసే మూలల్లో టార్చి వేసి చూడండి. వెంట్రుకవాసి పగుళ్లు, కొత్తగా పూసిన రంగు, రాలిన ఫిల్లర్ పొడి కనిపిస్తే అక్కడే ఆగి పడవల్ని పరీక్షించే సర్వేయర్‌ని పిలవండి. ట్రాలర్ అయితే స్టెబిలైజర్లు ఆపించి, పక్క అలల్లో పది నిమిషాలు నిలబెట్టమనండి. అమ్మేవాళ్లకి నచ్చదు, అయినా పట్టుబట్టండి. స్టెబిలైజర్ చెడిపోయిన రోజు మీవాళ్లు ఆ ఊగుడులోనే వండుకోవాలి, పడుకోవాలి, వంతులవారీగా కాపలా కాయాలి.